చున్నీ మీది పుప్పొడి

"నంది లేచిందా?" ఫోన్‌లో చీఫ్ హనుమంతరాయుడి గొంతు.

"గడ్డి చూపిస్తే లేస్తాది," అన్నాడు ఏజెంట్ వీరేష్ విసుగ్గా. ఈ కోడ్ వర్డ్స్ రాసేవాణ్ణి ముందు అరెస్ట్ చెయ్యాలని అతని పాత కోరిక.

"కరువుకు తట్టుకునే వేరుశెనగ మూలవిత్తనం. ఉన్నది ఒక్కటే ప్యాకెట్. ఫారిన్ దొంగల రింగ్ కొట్టేసింది. ఈరోజే కర్ణాటక బార్డర్ దాటిస్తారు. హీనా దారి చూపిస్తుంది."

వీరేష్‌కు ఒళ్ళు మండింది. ఏటా ఎండిన చేను గట్టున కూర్చునే నాయన గుర్తొచ్చాడు. పాపం, కొడుకు విత్తనాల ఆఫీసులో గుమాస్తా అనుకుంటాడాయన. ఈ ప్యాకెట్ పోతే ఆయనకిక ఆశంటూ మిగలదు.

హీనా డబుల్ ఏజెంట్. రింగులో ఉంటూ వీళ్ళకు సమాచారమిస్తుంది. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, లేత నీలం చున్నీ.

"కణేకల్ కాలువ కింద వరిమడి. పొద్దున ప్యాకెట్ మోసే కొరియర్‌ను ఆడే కలిసినా. మధ్యాన్నం వ్యాన్ గూడా ఆడికే వస్తాది," అంది.

రాలేదు. కొంగలు తప్ప ఏదీ రాలేదు. మెడ మాడిపోతుండగా వీరేష్ కన్ను ఆమె చున్నీకి అంటిన పసుపు పొడి మీద పడింది. దోమను తోలినట్టు నటించి, కాస్త పొడి టేపుకు అంటించుకున్నాడు. జీపు చాటున ఫోన్‌కు పుప్పొడిని పెద్దగా చూపే పొలెన్ స్కోప్ బిగించి చూశాడు.

వరి పుప్పొడి నున్నగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. ఈ రేణువుకు ఒళ్ళంతా ముళ్ళు. అంటే హీనా పొద్దున తిరిగింది వరిమడిలో కాదు. పొద్దుతిరుగుడే అనుకుని, హీనాను ఎక్కించుకుని పక్క ఊరి చేనుకు జీపు పరుగెత్తించాడు. అక్కడ చిలకలను తోలే ముసలమ్మ ఒక్కతే ఉంది.

"ఏమప్పా, మీకీడేం పని?" అందామె.

ఛీ, ముళ్ళు చూసి మొక్క కుటుంబం తేల్చేస్తే ఇంతే. తనను తాను తిట్టుకుంటూ మళ్ళీ చూశాడు. పొద్దుతిరుగుడు రేణువుకు మూడు చాళ్ళుండాలి. దీనికి చాళ్ళే లేవు. చుట్టూ రంధ్రాలు, రేణువు మరీ పెద్దది. ఇది మందార కుటుంబం. అంటే ఈ ప్రాంతంలో పత్తి. పైగా పత్తి పుప్పొడి జిగురు, గాలికి ఎగిరొచ్చేది కాదు. పూలలో తిరిగితేనే అంటుతుంది.

విడపనకల్లు దగ్గర, బార్డర్‌ను ఆనుకుని, సంకర విత్తనాల కోసం పత్తి పూలను క్రాసింగ్ చేసే చేను ఉంది. జీపు అక్కడికి తిప్పాడు. అందులో ఆడకూలీలు రేపటి మొగ్గల్లో కేసరాలు తీసి ఎర్ర కాగితాలు తొడుగుతున్నారు. గట్టు పక్కన ఒకామె మాత్రం మగ పూలు తెంపి వేరే పూలకు పుప్పొడి రాస్తోంది. అది పొద్దున చేసే పని, ఈ వేళ కాదు.

"ఎవరామె?" అడిగాడు వీరేష్.

"కొత్తామె. చెప్తే ఇనదు," అంది ఒక కూలీ.

అప్పుడే వ్యాన్ వచ్చింది. కొత్తామె చీర ఎగదోపి పరుగెత్తింది. వ్యాన్ తలుపు తెరుచుకునేలోపు వీరేష్ దూకి కాళ్ళు పట్టుకున్నాడు. విగ్గు ఊడింది. ఆడవేషం వేసుకున్న కొరియర్ ఒడిలోంచి ప్యాకెట్ జారి మట్టిలో పడింది.

జీపులో హీనా కళ్ళద్దాలు తీసింది. "నేనేం చెప్పలేదే."

"నువ్వు చెప్పలే. నీ చున్నీ చెప్పినాది," అంటూ బేడీలు వేశాడు.

ఫోన్ మోగింది. నాయన.

"యాడుండావప్పా?"

"పనిలో ఉండా నాయనా. ఎవరో ఎత్తకపోతాండిన మంచి విత్తనం వెనక్కి తెచ్చినా."

"సంతోషం. ఆ వానను ఎవడెత్తకపోయినాడో అది గూడా రోంత చూడప్పా."