వెనక సీటు వెనకాల

విషం కలిపిన అరబ్బు కాఫీ, ఖహ్వా, కప్పు కింద పెట్టకముందే మస్తాన్ వలీ ప్రాణం పోయింది. విదేశీ ముఠా దొంగిలించిన మన తీర రాడార్ కోడ్‌ని తిరిగి కొట్టేసిన ఏజెంట్ అతను. ఒరిగిపోతూ ఆ కోడ్ ఉన్న మెమరీ కార్డుని పక్కనున్న పనిమనిషి మేరాజ్ బేగం చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి ఆమె జాడ లేదు.

జెద్దా, షరఫియాలో ఒక దర్జీ కొట్టు.

“అబాయా కుట్టాలి. లోపల జేబు ఉండాలి” అంది సంధ్య దర్జీతో.

“బయటి జేబు చాలదా?”

“చాలదు.”

సంకేతం కుదిరింది. కర్టెన్ వెనక, గుడ్డ తానుల మధ్య చీఫ్ సదానందం కూర్చుని ఉన్నాడు.

“సంధ్యా, మస్తాన్ పోయింది తాయిఫ్‌ల, ముఠా నాయకుడు బార్తోల్ద్ విల్లాల. పాత కార్ల డీలర్ అని వాని కవర్. పోయిన పనిమనిషి జాగాల నువ్వు చేరుతవ్. పేరు సునీత. టార్గెట్ సరుకు. ఓన్లీ సరుకు.”

సరుకంటే మెమరీ కార్డు.

“మరి మేరాజ్ బేగం?”

“పారిపోయిందని బార్తోల్ద్ పోలీసులకు హురూబ్ ఫిర్యాదు పెట్టిండు. ఆమె మన ఆపరేషన్‌ల లేదు.”

“ప్రాణం పోతూ మనవాడు నమ్మింది ఆవిడనే సార్!”

సదానందం జేబులో చెయ్యి పెట్టాడు. ట్రాన్స్‌మిటర్ దాచిన హెయిర్‌పిన్ ఒకటి, చెవిలో ఇమిడిపోయే రిసీవర్ ఒకటి బల్ల మీదికి తోశాడు. సంధ్య పిన్‌ని జుట్టులో గుచ్చుకుంది, ఎవరినో పొడిచినట్టు.

విల్లాలో ఆమె పని అంట్లు తోమడం, ఖహ్వా పోయడం, కనబడకుండా ఉండడం. కోపాన్ని మింగి అన్నీ చేసింది. బార్తోల్ద్ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. వేళ్లతో చిటిక వేసేవాడు. అతని అసిస్టెంట్ ఎలెనా మాత్రం వెళ్తూ కన్నుగీటేది. ఆకుపచ్చ సిల్కు, ఎర్రటి పెదవులు, మెత్తని నవ్వు. ముఠా రహస్యాలను సదానందానికి అమ్మే డబుల్ ఏజెంట్ ఆమె.

విల్లా ఆవరణలోని షెడ్డులో ఒక పాత కారు. వెండి రంగు, ముందు మూడు దీపాలు, వెనక చేప రెక్కలాంటి ఫిన్.

“టాట్రా 87. యుద్ధానికి ముందు చెకోస్లోవాకియాలో పుట్టింది” అని ఎలెనా అతిథులకు చెప్పేది. “గాలిని కోసుకుపోవాలని నీటిబొట్టు ఆకారం. ఇంజన్ వెనక. నీళ్లు అక్కర్లేదు, గాలే చల్లబరుస్తుంది. దేశాన్ని ఆక్రమించుకున్న జర్మన్ ఆఫీసర్లు దీన్ని వేగంగా తోలి, మలుపుల్లో తోక తిరిగిపోయి చచ్చేవారని చెప్పుకుంటారు.”

“మంచిపనే అయింది” అనుకుంది సంధ్య, కప్పులు ఎత్తుతూ.

నాలుగో ఉదయం కారుని కంటైనర్‌లోకి ఎక్కించడానికి సిద్ధం చేశారు. కస్టమ్స్ ఆఫీసర్ తన మనుషులతో సీలు వేయడానికి వచ్చాడు. ముందు మూత ఎత్తితే రెండు స్పేర్ చక్రాలు. వెనక మూత ఎత్తితే ఇంజన్.

“మధ్యలో ఏమీ లేదు” అని ఎలెనా నవ్వింది. ఆఫీసరూ నవ్వాడు.

సంధ్య మాత్రం గోడ మీది పాత ఫొటో చూస్తోంది. అదే కారు, పక్కన ప్రయాణానికి బయల్దేరిన కుటుంబం, నాలుగు సూట్‌కేసులు. ముందు చక్రాలు, వెనక ఇంజన్ అయితే సూట్‌కేసులు ఎక్కడ పెట్టారు?

ఫొటోలో ఒకావిడ వెనక సీటు మీదుగా వంగి పెట్టెని అవతలికి దించుతోంది.

నిన్నటిదాకా కారు షెడ్డులోకి రోజూ ఒక పళ్లెం అన్నం వెళ్లేది. కారు బయల్దేరే ఇవాళ వెళ్లలేదు.

“సార్, కారులో ఉంది” అని పిన్‌లోకి గొణిగింది.

“సరుకా?” చెవిలో సదానందం గొంతు.

“మనిషి.”

“కదలకు. కవర్ పోతది. సరుకు ఇంట్లనే ఉందని ఎలెనా చెప్పింది.”

“మధ్యలో ఏమీ లేదని కూడా ఎలెనాయే చెప్పింది సార్.”

వంటింట్లోకి వెళ్లింది. బుఖూర్ ధూపపు పాత్రలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. ప్రయాణమయ్యే బండికి ధూపం వేస్తే ఇక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. అగరు చెక్కల కింద గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి పడేసి, ఊపిరి బిగబట్టి, తల వంచుకుని వెళ్లి కారు తలుపు తీసింది. పాత్ర వెనక సీటు మీద పెట్టి తలుపు మూసింది.

ఎలెనా ఇంజన్ స్టార్ట్ చేయడానికి ముందు సీట్లో కూర్చుంది. మరుక్షణం కళ్లు తుడుచుకుంటూ బయటికి దూకింది.

బార్తోల్ద్ చిటిక వేశాడు. “తీసెయ్ దాన్ని!”

సంధ్య కదల్లేదు. ఆఫీసర్ సీలు ఎత్తాడు.

ఖాళీ కారులోంచి దగ్గు వినబడింది.

ఆఫీసర్ చెయ్యి ఆగింది. మళ్లీ దగ్గు, గుడ్డ అడ్డుపడినట్టు. సంధ్య వెనక తలుపు తీసి నిప్పుల పాత్ర అందుకుంది. బార్తోల్ద్ కోటులోకి చెయ్యి పెట్టేలోగా సంధ్య దాంతో అతని మణికట్టు మీద కొట్టింది. పిస్తోలు కింద పడింది. ఆఫీసర్ మనుషులు అతన్ని ఒడిసిపట్టారు.

సీటు వీపు లాగేస్తే, వెనక సామాను గుంతలో మేరాజ్ బేగం. చేతులు కట్టి, నోట్లో గుడ్డ కుక్కి.

“సునీతా, నేను మీ మనిషినే కదా!” అంది ఎలెనా.

“మధ్యలో ఏమీ లేదన్నావు. ఈ మనిషి ఏమీ కాదా నీకు?” అంది సంధ్య, మేరాజ్ బేగం కట్లూ నోట్లో గుడ్డా తీస్తూ.

మేరాజ్ బేగం కళ్లెర్రజేసి చూసింది. “ఎవురు పాపా నువ్వు? మిరపకాయలు అన్నేసి ఏస్తారా? సచ్చింటే?”

“తప్పయింది అక్కా. నీళ్లు తాగు.”

చెవిలో సదానందం అరుస్తున్నాడు. “సరుకు? సరుకెక్కడ?”

సంధ్య అడిగింది. మేరాజ్ బేగం నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది.

“వాళ్లు కొట్టినా చెప్పలే. ముందు ఆ బార్తోల్ద్ లాక్కున్న నా పాస్‌పోర్టు ఇప్పించుమను మీవోళ్లను. ఊరికి టికెట్టు చేతికొచ్చినాక చెప్తా.”

సంధ్య చాలా రోజుల తర్వాత నవ్వింది.

“సార్, ఆమె మన ఆపరేషన్‌లో లేదన్నారుగా. ముందు పాస్‌పోర్టు తీసుకుని రండి. తన ఆపరేషన్‌లో మనల్ని చేర్చుకుంటుందేమో అడిగి చూస్తాను.”