నానమ్మ అలకలు

ఆ ఉదయం పాప మళ్లీ పాలగ్లాసు పక్కకు నెట్టేసింది. నోటినిండా పుళ్లు, ఒళ్లు కాలిపోతోంది. మూడు వారాలకోసారి ఇదే తంతు. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని దాన్ని ఇంట్లో ఎందుకమ్మ అంటారు. ఆ రోజు అడగడానికీ నోరు పెగల్లేదు.

డాక్టరు కొన్ని వారాలపాటు రక్తం పరీక్షించి, రోగాలతో పోరాడే తెల్లకణాలు ఉండుండి పడిపోతున్నాయని చెప్పింది. పుట్టుకతో వచ్చిందట, ఇంజెక్షన్లతో అదుపులో ఉంటుందట. ఎటువైపు నుంచి వచ్చిందో తెలిస్తే వాళ్లకూ వైద్యం చేయొచ్చట.

ఇంట్లో ఆ సందేహమే లేదు. పాప తెలివి, ఉంగరాల జుట్టు నానమ్మ వైపువి. ఎత్తుపళ్లు, గురక, ఇప్పుడీ రక్తం అమ్మ వైపువి. లిఫ్టులు బాగుచేసే నాన్న ఈ పంపకాల్లో తలదూర్చడు. తనకూ చిగుళ్లు వాస్తుంటాయి గానీ, వాచినప్పుడల్లా పేస్టు మార్చేస్తాడు.

అమ్మ పరీక్ష చేయించుకుంది. ఆమెలో ఏమీ లేదని తేలింది.

"ఇక మిగిలింది మీరూ, మీ అబ్బాయే అత్తయ్యా."

"మా వంశాన్ని అనుమానిస్తున్నావా?" అని నానమ్మ గదిలోకెళ్లి ముసుగుతన్నింది.

అది కొత్తేమీ కాదు. ఆవిడ తరచూ అన్నం మానేసి, మాట మానేసి పడుకుంటుంది. తాతయ్య బతికున్నప్పుడు అలక తీర్చడానికి ప్రతిసారీ ఓ పూలకుండీ తెచ్చేవాడు. బాల్కనీలో కాలు పెట్టే చోటు లేదు. అమ్మ మాత్రం మొదట్లో తన తప్పేమిటా అని వెతుక్కునేది. తర్వాత తనూ మాట్లాడటం మానేసేది.

ఎందుకమ్మ వెళ్లి నానమ్మ పక్కన దూరింది. చెయ్యి వేసి చూసింది.

"నానమ్మా, నువ్వు కాలిపోతున్నావు. అలిగితే జ్వరం ఎందుకొస్తుంది? నోరు కూడా మండుతుందా, నాకులాగా?"

ముసుగులోంచి "ఊ" అని వినిపించింది.

"మరి చెప్పలేదేం?"

"కొత్త కోడలికి రోగమంటే పుట్టింటికి పంపేస్తారే. అలిగిందంటే బతిమాలతారు."

గుమ్మంలో అమ్మ నిలబడిపోయింది. ఇన్నేళ్లూ తనమీద కోపమనుకున్నది జ్వరం. పక్కగదిలో నొప్పితో పడుకున్న మనిషికి తను మౌనంతో బదులు చెప్పింది.

గోరువెచ్చని ఉప్పునీళ్లు తెచ్చి మంచం పక్కన కూర్చుంది.

"పుక్కిలించండి అత్తయ్యా. కాస్త హాయిగా ఉంటుంది."

నానమ్మ లేచి కూర్చుంది. గ్లాసు అందుకుంది. అమ్మ ఆవిడ రెండో చెయ్యి పట్టుకుంది.

"రేపు పరీక్షకి వెళ్దాం," అంది నానమ్మ. "తోడుకి అబ్బాయి వద్దు. నువ్వు రా."