జాలీ ఎనక నాలుగో గొంతు

తాయిఫ్ నుంచి షఫా కొండ మీదికి పోయే దారిల ఒక రాతి మేడ ఉన్నది. ఒక దిక్కు దానిమ్మ తోట, ఇంకో దిక్కు లోయ. పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయిందంటే ఆ మేడ ముందర ఎవ్వడు బండి ఆపడు. టైరు పంచరైనా సరే... ఈడ్చుకుంట పోతడు గని ఆడ దిగడు.

పై అంతస్తుకు ముందర మొత్తం కట్టె జాలీ. లోపలి ఆడోళ్ళు దారి మీద పోయేటోళ్ళను చూడచ్చు, దారిన పోయేటోళ్ళకు ఆడోళ్ళు కనవడరు. ఇల్లుగలోళ్ళు పదకొండేండ్ల కింద తాళం ఏసి రియాద్ పోయిన్రు, మళ్ళ రాలే. కని ఆ జాలీ ఎనక నుంచి రాత్రి పూట గొంతు ఇనవడ్తదంటరు. ఏడుపు కాదు. ఏడుపైతే నేను లెక్క చెయ్యకపోదును, గాలికి ఏ సందైనా ఏడుస్తది. ఇది కూనిరాగం... ఆడమనిషి గొంతే, కని మొగోని గొంతంత లోతు.

నవ్వకున్రి. నేను గూడ నవ్వినోన్నే. నా పేరు అంజన్న, మాది కోరుట్ల దిక్కు, పద్నాలుగేండ్ల సంది ఈడ వడ్ల పని, అంటె కట్టె పని. దయ్యాల ముచ్చట ఎత్తినోని నోరు మూపిచ్చేదాంక నాకు నిద్ర వట్టేది కాదు. ఇది నా రూముల ఉండే దేవన్న మీదికెళ్ళి పోయిన ముచ్చట. సగం వాడు చెప్పంగ విన్న... సగం నా కండ్లతోని చూసిన.

పోయిన చలికాలం ఒక కంపెనీ ఆ మేడను కిరాయికి తీసుకున్నది. సున్నాలేసి, లైట్లు వెట్టి, కింది హాలుల కుర్చీలేసి సంగీత కచేరీ చేస్తరంట. నేను ఈ దేశం దిగిన కొత్తల ఇసొంటిది కలల గూడ లేకుండె. విరిగిన జాలీని బాగుచేసే పని మాకు వడ్డది. మాకు, అంటె దేవన్నకు, నాకు.

పని చెప్పెటందుకు ఆఫీసు నుంచి సబీనా అనే కడప పిల్ల వచ్చింది. మంచి పిల్ల. మనకు తెల్వదని ఈసడిచ్చుకోకుండ అంతా ఇప్పి చెప్పింది.

"చూడన్నా, ఇది మూడు నాలుగు వందల ఏండ్ల కిందట ఇటలీలో క్రైస్తవ సిస్టర్లు రాసిన మ్యూజిక్. బరోక్ కాలం అంటారు. ఆడపిల్లను మఠంలోకి పంపినారంటే ఇంక చచ్చేదాకా గేటు దాటేది లేదు. కొందరు ఇష్టపడి పోయినారు, కొందర్ని నాయినలే నూకేసినారు. వాళ్ళు లోపలే రాసుకున్యారు, లోపలే పాడుకున్యారు, కమ్మీల వెనకాల నిలబడి. జనం చర్చిలో కూర్చోని వినేవాళ్ళు. గొంతు వస్తాది, మనిషి కనపడదు."

"మరి మొగ గొంతు ఎవలు పాడుదురు? మొగోళ్ళను లోపలికి రానియ్యరు గద."

"అదే కదన్నా గొప్ప! లావు గొంతు రాగం కూడా రాసినారు. దాన్నీ ఆడవాళ్ళే పాడినారు. ఆ కాగితాలు ఎన్నో ఏండ్లు బీరువాల్లో మూలిగి, ఇప్పటికి బయటపడినాయి. నలుగురు ఆడవాళ్ళు ఆ దేశం నుంచే వస్తాండారు. వాళ్ళను ఈ జాలీ వెనకాల నిలబెట్టి పాడిస్తాం, ఆ కాలంలో మాదిరే."

నేను తలకాయ ఊపిన. పక్కకు చూస్తె దేవన్న మొఖం సున్నం గోడ తీరు తెల్లగైంది.

ఆ రాత్రి వాడు అన్నం ముట్టలే. "ఏందిరా, గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకున్నట్టు అట్ల చూస్తున్నవు?" అని నవ్విన. వాడు నవ్వలే. లైటు బంద్ చేసినంక మెల్లగ షురూ జేసిండు.

"అంజన్నా... నేను దేశం దిగిన మొదటేడే ఆ మేడకు పోయిన. అప్పటికి నువ్వెవలో నాకెర్క లేదు. కాషిఫ్ అని పాకిస్తాన్ ఫోర్‌మన్ ఉండె గద, ఆయన తోలుకపోయిండు."

ఈడ ఒక రివాజు ఉన్నది, తెల్వనోళ్ళకు చెప్త. పనోడు ఏ ఇంట్ల పైకి ఎక్కాలన్నా మెట్ల కాడ నిలవడి "తరీఖ్!" అని ఒర్లాలె. దారి ఇయ్యున్రి అని. ఇంట్ల ఆడోళ్ళు ఇంటె పక్కకు తప్పుకుంటరు. నోటితోని జవాబియ్యరు. చప్పట్లన్న కొడ్తరు, తలుపన్న రెండు సార్లు కొడ్తరు. అంటె 'మేం తప్పుకున్నం, నువ్వు రా' అని. ఆ సప్పుడు ఇనకుండ మెట్టెక్కితె వాని పని ఖతం. సామాను సదురుకునేటందుకు గూడ టైమియ్యకుండ విమానం ఎక్కిచ్చి ఇంటికి తోల్తరు.

"నేను తరీఖ్ అన్న. రెండు సార్లు కొట్టిన సప్పుడు వచ్చింది. ఎక్కిన. జాలీ ఎనక గోడకు ఒక తలుపు. దానికి పలకలు కొట్టు, ఇల్లు మూసి పోతున్నరు, చలిగాలి వస్తదన్నడు కాషిఫ్. కొట్టిన. ఆఖరి మేకు దిగినంక తెలిసిందన్నా... ఆ సప్పుడు వేరే గదుల నుంచి రాలే. ఆ తలుపెనక నుంచే వచ్చింది."

నేను లేచి కూసున్న.

"కాషిఫ్‌ను అడిగిన. 'అందర్ కోయీ నహీ, చలో' అన్నడు, లోపల ఎవ్వరు లేరంట. నాకప్పుడు ఈడ ఉండే కాయితం, ఇకామా గూడ చేతికి రాలే. భయమైంది. దిగచ్చిన. పదకొండేండ్ల సంది అదొక్కటే అన్నా... లోపల మనిషి ఉండెనా? తప్పుకున్నం రా అని కొట్టిందా... నన్ను మూయకు అని కొట్టిందా?"

బీడీ ముట్టిచ్చుకొని బయటికి పోయిన.

తెల్లారి "తెరిచి చూస్తె అయిపాయె గదరా" అన్న. తెరవనియ్యలే. గోడల జోలికి పోవద్దు, పలకల మీద నల్ల బట్ట కట్టున్రి చాలన్నరు కంపెనీవాళ్ళు. దేవన్న పలకల దిక్కు చూడకుండ బట్ట కట్టిండు. పాడెటోళ్ళు నిలవడేది సరిగ దాని ముందరనే.

కచేరీ దినం రానే వచ్చింది. లావు గొంతు పాడే ఆమె, పొడుగ్గ ఉంటది, తెల్ల జుట్టు, షఫా చలికి గొంతు పట్టుకపోయి మాట గూడ పెగల్తలేదు. ఇగ ముగ్గురే పాడుడు. ఆమె రాగాన్ని, వాయిద్యం కోసం వాళ్ళెంబడి వచ్చిన ఇంకో ఆడామె పెద్ద తీగల వాయిద్యం మీద వాయిస్తదంట. ఈ గొంతు పోయినామె శాలువ కప్పుకొని కింద సబీనా పక్కన కూసున్నది. పని వడ్తె ఉండాలని మమ్ముల వాళ్ళెనక గోడకు నిలవెట్టిన్రు.

రాత్రి ఇషా నమాజ్ అయినంక లైట్లు తగ్గిచ్చిన్రు. హాలు నిండ మొగోళ్ళు, ఆడోళ్ళు. పైన జాలీ ఎనక సన్నటి దీపం... మనుషులు కనవడ్తలేరు. పాట మొదలైంది.

అబద్ధమెందుకు, నాకు ఆ భాష తెల్వది, ఆ రాగం తెల్వది. కని చెవి పక్కకు తిప్పలేకపోయిన. ఒక గొంతు లేస్తది, ఇంకో గొంతు దాన్ని పట్టుకుంటది, మూడోది రెంటినీ ఒళ్ళెకు తీసుకుంటది. గోడల నడుమ బతికి సచ్చిపోయిన ఆడోళ్ళు ఇంత రాసి దాచుకున్నరా అని నాకు ఏడుపచ్చింది.

అప్పుడు... నాలుగో గొంతు కలిసింది.

జాలీ ఎనకనే, కని పాతాళం నుంచి అన్నంత కింద నుంచి. ఆడమనిషి గొంతే. మొగోని గొంతంత లోతు.

శాలువ కప్పుకున్నామె సబీనా చెయ్యి పట్టుకున్నది. చెవుల గుసగుసగ ఏందో అడిగింది. సబీనా నా దిక్కు తిరిగింది, పెదవులు ఎండిపోయినయి.

"అన్నా... పైన నా పాట ఎవరు పాడతాండారు అని అడుగుతాంది."

"తీగల మోత కావచ్చు బిడ్డా."

సబీనా ఆమెను అడిగింది. ఆమె తల అడ్డంగ ఊపింది.

"తీగకు మాటలుండవంట అన్నా. ఇది మాటలతో పాడతాంది."

పాట ఆగింది. జనం లేచి నిలవడి చప్పట్లు కొట్టిన్రు. వాళ్ళకేం ఎర్క, నలుగురు పాడిన్రనే అనుకున్నరు. పైన పాడినోళ్ళు నవ్వుకుంట దిగచ్చి, కుర్చీల కూసున్నామెను చూసి మెట్ల కాడనే ఆగిపోయిన్రు. నీ గొంతు వచ్చిందేమో, నువ్వే చీకట్ల మా ఎనక నిలవడి పాడుతున్నవనుకున్నం అన్నరంట. బ్యాగులు తీసుకొని బండెక్కిన్రు.

హాలు ఖాళీ అయింది. దేవన్న కోసం చూసిన. వాడు మెట్ల కింద నిలవడున్నడు, చేతుల మేకులు పీకే కడ్డీ.

"వద్దురా," అన్న.

"తెల్వాలె అన్నా. సావనన్న సస్త, తెల్వకుండ బతుకలేను."

వాడు పైకి చూసి మెల్లగ పిలిచిండు. "తరీఖ్..."

టక్. టక్.

పైన ఒక్క మనిషి లేడు. నేనే లెక్కవెట్టి అందరిని బండి ఎక్కిచ్చిన. నేను మెట్ల కాడనే ఆగిన. వాడు మాత్రం ఎక్కుతనే ఉన్నడు. ఒంటిగ ఎట్ల పంపుదు? నేను గూడ ఎక్కిన.

నల్ల బట్ట గుంజేసిండు. ఒక్కొక్క మేకు పీకుతుంటె ఆ కీచుకు నా పండ్లు జివ్వుమన్నయి. ఆఖరి పలక వడ్డది. దేవన్న కండ్లు మూసుకొని తలుపు నూకిండు.

నేను ఫోను లైటు కొట్టిన.

ఏం లేదు. ఎముకలు లేవు, బట్టలు లేవు, చాప ముక్క లేదు. కిటికీ గూడ లేదు. నాలుగు గోడలు, బండల మీద అంగుళం మందం దుమ్ము. దుమ్ముల ఒక్క అడుగు జాడ లేదు.

ఎదురు గోడకు ఇంకో తలుపు.

"అంజన్నా... అటు తలుపున్నది! ఇంకో తలుపున్నదన్నా!" దేవన్న ఆడనే కూలవడి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. "నేనొక్క దిక్కే మూసిన. అటు దారి ఉండె. అటు పోయుంటది... పోయుంటది గదన్నా?"

"పోయుంటదిరా," అన్న. "పోకుండ ఏం జేస్తది?"

వాడు లేచి ఆ తలుపు నూకి చూస్త అన్నడు. రెక్క పట్టి గుంజిన. "ఇగ చాలు నడువు, డ్రైవరు హారన్ కొడ్తున్నడు." కొట్టలే ఎవ్వడు. కని వాడు నా మాట ఇన్నడు, దిగిండు, బండెక్కిండు.

ఆ రాత్రి దేవన్న రెండు పళ్ళేల అన్నం తిన్నడు. పదకొండేండ్లకు నిద్రపోయిన మనిషి తీరు పన్నడు. ఎండకాలం పని ఇడిసి ఎగ్జిట్ కొట్టిచ్చుకొని ఊరికి పోయిండు. ఇప్పుడు గూడ నవ్వుకుంట ఫోన్ చేస్తడు. నా పానం నిమ్మలమైందన్నా అంటడు. వానికి నేను ఇప్పటిదాంక చెప్పలే. చెప్ప గూడ చెప్ప.

ఆ రెండో తలుపు మేడ ఎనక ఉన్న మెట్ల దిక్కు తెరుచుకుంటది. పదకొండేండ్ల కింద ఆ దినం కాషిఫ్ ఆ మేడకు తోలుకపోయింది దేవన్న ఒక్కన్నే కాదు. వాన్ని ముందరి మెట్ల నుంచి పంపిండు. నన్ను వేరే బండిల దించి ఎనక మెట్ల నుంచి పంపిండు. అది సామాన్ల కొట్టు, గాలి రాకుండ మూసెయ్ అన్నడు. ముందర ఇంకొకడు మూస్తున్నడని నాకెర్క లేదు. అటు దిక్కు తెరిచే ఉంటదనుకున్న, ఆరు పలకలు అడ్డం కొట్టిన.

ఆ కచేరీ రాత్రి దేవన్న బండెక్కినంక, మూత్రానికి పోతున్న అని చెప్పి లైటు వట్టుకొని ఎనక మెట్లెక్కి చూసిన. ఆరు పలకలు అట్లనే ఉన్నయి. ఒక్క మేకు గూడ కదలలే.