గురువారం డేగిసా

గురువారం పొద్దున చెత్తడబ్బా రోడ్డు పక్కకు లాగుతూ రోక్సాన్ చూసింది. ముంగిట్లో పాతిన చెక్కబోర్డు గడ్డిలో బోర్లా పడి ఉంది. దాని మీద తెల్లరంగుతో 'హూడాక్, 12' అని ఉంటుంది. బొగ్గు గనులు మూతపడ్డ ఆ పెన్సిల్వేనియా ఊళ్లో, స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఆడే ప్రతి పిల్లాడి ఇంటి ముందూ అలాంటి బోర్డొకటి ఉంటుంది. ఆమె దాన్ని లేపి మళ్లీ మట్టిలో గుచ్చింది. లోపలికొచ్చి చేతులు కడుక్కుంది.

"ఏంటమ్మా, బయట చప్పుడు?" అన్నాడు ఆమె తండ్రి స్టాన్, కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండానే.

"గాలికి బోర్డు పడిపోయింది నాన్నా."

"గాలా? రాత్రంతా ఆకు కూడా కదల్లేదే!"

రోక్సాన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. కొడుకు కోర్బిన్ మెట్లు దిగి వచ్చాడు, బల్ల మీది రొట్టెముక్క తీసి జేబులో కుక్కుకున్నాడు, "వెళ్తున్నా" అంటూ వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు. వాడి వెనకే కుక్క బూట్స్ ఊగుతూ నడిచింది.

"చూడు దాన్ని, ఎలా ఊరిపోయిందో!" అన్నాడు స్టాన్. "దాన్ని కూడా జట్టులో చేర్చుకోమను మీ తమ్ముడు గ్లెన్‌ని. కోర్బిన్ ముందు నిలబెడితే అవతలివాడు ఒక్కడు కూడా దాటి రాలేడు."

మరో రోజైతే ఆమె నవ్వేదే.

కోర్బిన్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్. ఆట మొదలయ్యేది వాడి చేతిలోనే, బంతి ఎవరికి విసరాలో చూసుకోవలసిందీ వాడే. ఈ ఏడాది నాలుగు ఆటలు జరిగితే మూడు ఓడిపోయారు. వాడు విసిరిన బంతుల్లో తొమ్మిదింటిని అవతలి జట్టువాళ్లు పట్టుకుపోయారు. మొదటి రెండు ఆటల్లో వాడు బంతి విసిరిన ప్రతిసారీ రోక్సాన్ భయంతో కళ్లు మూసుకునేది. మూడో ఆటలో, వెనక వరసలోంచి ఎవరో "కూర్చోబెట్టండిరా ఆ పన్నెండో నంబరుగాణ్ణి!" అని అరిచినప్పుడు, ఆమె పెప్పర్మెంటు బిళ్ల కాగితం విప్పుతోంది. అరుపు విని, విప్పడం పూర్తిచేసి, బిళ్ల నోట్లో వేసుకుంది. తనకేమీ అనిపించలేదన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తెలియలేదు.

కోర్బిన్ కడుపున పడ్డప్పుడు ఆమె పదకొండో తరగతి. చదువు అక్కడితో ఆగింది. ఇప్పుడు అదే స్కూల్లో మధ్యాహ్నం పిల్లలకు భోజనం వడ్డిస్తుంది. ఆ స్కూలు గోడల మీద ఎన్నో ఏళ్ల పిల్లల ఫొటోలున్నాయి, ఆమెది లేదు. ఆమె పేరు ఉన్నది ఒక్కచోటే, డేగిసా అడుగున.

శుక్రవారం ఆట అంటే గురువారం సాయంత్రం జట్టంతా క్వార్టర్‌బ్యాక్ ఇంట్లో తినాలి. ఆ ఊరి ఆనవాయితీ అది. వండిందంతా పోసి నలభైమందికి వడ్డించే పెద్ద డేగిసా, అంచులు సొట్టలు పడ్డది, ఒక తల్లి ఇంటినుంచి ఇంకో తల్లి ఇంటికి మారుతూ ఉంటుంది. అడుగున ఒకదాని కింద ఒకటిగా అంటించిన పట్టీల మీద ఆ తల్లుల పేర్లు. పదకొండోది, చివరిది, రోక్సాన్ హూడాక్.

ఆమె క్యాబేజీ తరుగుతుండగా తమ్ముడు గ్లెన్ వచ్చాడు. జట్టు కోచ్ అతనే. టోపీ కూడా తియ్యకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, ఇవాళ ప్రాక్టీసులో చెప్పేస్తున్నా. రేపు కోర్బిన్ బెంచి మీద ఉంటాడు. వాడి బదులు యాడియెల్ ఆడతాడు."

కత్తి ఆగలేదు. "యాడియెల్‌కి పదిహేనేళ్లు."

"వాడు విసిరిన బంతి మనవాళ్ల చేతుల్లో పడుతోంది."

"పదమూడేళ్లప్పుడు కోర్బిన్‌ని చంకనేసుకుని తిరిగావు నువ్వు. సైకిలు నేర్పింది నువ్వు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా వాణ్ణి కూర్చోబెడతావా?"

ఆమె తరిగిన క్యాబేజీని గిన్నెలోకి తోసింది.

"ఎవరు ఎక్కించారు నీకు? డైనర్‌లో కూర్చుని కాఫీ మీద కాఫీ తాగే ఆ పనీపాటా లేని ముసలాళ్లేనా?"

"ఆ ముసలాళ్లలో నేనూ ఉన్నానమ్మా, కాస్త చూసి తిట్టు," అన్నాడు స్టాన్. తర్వాత కొడుకు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, వాడికిది స్కూల్లో ఆఖరేడు. ఆలోచించావా?"

"ఆలోచించకుండా ఉన్నానా నాన్నా?"

"ఆలోచించినవాడివి పొద్దున్నే వచ్చి ఇలా చెప్పవు," అంది రోక్సాన్. గొంతు పెరగలేదు, ఎవరికో అప్పజెప్పాల్సిన మాటలు అప్పజెబుతున్నట్టుంది. "ఇరవై క్యాబేజీలు తెచ్చి పెట్టుకున్నాను. పిల్లలు సాయంత్రం నా ఇంట్లో నా చేతి తిండి తింటుంటే, నా కొడుకు తల ఎక్కడ పెట్టుకోవాలి? నేనెక్కడ పెట్టుకోవాలి? సొంత తమ్ముడివి! పరాయివాడైనా ఇంతకన్నా జాలి చూపించేవాడు."

గ్లెన్ మొహం ఎర్రబడింది. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే అక్కా. రేపొక్క ఆట వాడే ఆడతాడు. తర్వాత చూద్దాం."

అతని ట్రక్కు వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. గెలిచాననుకుంది రోక్సాన్. ఆ గెలుపు కూడా ఎక్కడా తగల్లేదు. తర్వాతి క్యాబేజీ తీసుకుంది.

సాయంత్రానికి గుమ్మం ముందు నలభై జతల బూట్లు కుప్పపడ్డాయి. ఇల్లంతా వెన్న వాసన. వెడల్పాటి నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లిపాయ, వెన్న వేసి వేయించిన హలుష్కి ఆ ఇంట్లో మూడు తరాల వంట. యాడియెల్ తల్లి మారిబెల్ కూడా వచ్చింది. ఊరికి వచ్చి రెండేళ్లే అయింది, గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడింది.

"రోక్సాన్ గారూ, నాకూ ఏదైనా పని చెప్పండి."

"గరిటె పట్టుకో. వీళ్లకు రెండోసారి కావాలా అని అడగక్కర్లేదు, వేసెయ్యడమే."

కాగితం పళ్లేలు అయిపోతే రోక్సాన్ వెనక వసారాలోకి వెళ్లింది. మెట్ల మీద కోర్బిన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నిండు పళ్లెం. ఫోర్కుతో తీసి ఒక్కో ముద్దా బూట్స్ నోటికి పెడుతున్నాడు, పసిపిల్లకు పెట్టినట్టు. కుక్క నమలకుండానే మింగుతోంది.

"నువ్వు తిన్నావా?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "తిన్నానమ్మా."

ఆమె పళ్లెం వంక చూసింది. తర్వాత కుక్క పొట్ట వంక చూసింది. ఇన్నివారాలు నలభైమందికి వడ్డించింది. ఎవడు ఎన్నిసార్లు పెట్టించుకున్నాడో చెప్పగలదు. తన కొడుకు పళ్లెం మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి ఆట నుంచీ. గురువారం తింటే శుక్రవారం వాంతి అవుతుంది. అందుకని తినను." వాడు కుక్క చెవులు నిమిరాడు. "అమ్మా, మామయ్యను తిట్టకు. నేనే అడిగాను, నన్ను కూర్చోబెట్టమని."

"నువ్వా?"

"రెండో ఆట అయ్యాక అడిగాను. ముందు అమ్మకు చెప్పరా అన్నాడు. చెప్పలేకపోయాను. నిన్న మళ్లీ అడిగితే, తన నిర్ణయమే అన్నట్టు తానే వచ్చి చెప్తానన్నాడు."

ఆమె మెట్టు మీద కూర్చుంది.

"బంతి చేతిలోకొస్తే నాకేమీ అనిపించడం లేదమ్మా. అవతలివాడు పట్టుకుపోయినా ఏమీ అనిపించదు. జనం అరుస్తారు, అదీ ఎక్కడో దూరంగా వినబడుతుంది. ఓడిపోతామన్న భయం కాదు. అలా ఏమీ అనిపించకుండా ఉంటుందే, దానికే భయంగా ఉంది."

రోక్సాన్ నోట్లో పెప్పర్మెంటు రుచి తగిలింది.

"నాకెందుకు చెప్పలేదురా?"

వాడు ఫోర్కు పళ్లెంలో పెట్టాడు. "నువ్వు ఆ డేగిసా కడిగేటప్పుడు చూశాను. అడుగున నీ పేరు తడవకుండా చుట్టూ కడుగుతావు."

లోపల ఎవరో గట్టిగా నవ్వారు. ఆమె కొడుకు చేతిలోంచి పళ్లెం తీసుకుని పక్కన పెట్టింది. వాడి తల తన భుజానికి ఆనించుకుంది. వాడు పెద్దవాడు, సరిగ్గా ఆనలేదు. అయినా అలాగే పట్టుకుంది.

వంటింట్లో గ్లెన్ పొయ్యి పక్కన నిలబడి తింటున్నాడు. ఆమె రాగానే ఫోర్కు దించాడు.

"రేపు యాడియెల్‌ను ఆడించు."

"అక్కా..."

"పొద్దున నోటికొచ్చినట్టు అన్నాను నిన్ను. కోర్బినే అడిగాడని ఒక్కమాట అనొచ్చుగా!"

"ఎలా అంటాను? కోచ్ అని పిలిచి అడిగుంటే చెప్పేవాణ్ణే." గ్లెన్ పళ్లెం పక్కన పెట్టాడు. "మైదానంలో, అందరూ వెళ్లిపోయాక వచ్చి, 'మామయ్యా' అన్నాడు."

పిల్లలంతా వెళ్లాక రోక్సాన్ డేగిసాను బోర్లించి కడిగింది. ఈసారి నీళ్లు అన్నిచోట్లా పడనిచ్చింది. ఆరాక కొత్త పట్టీ ఒకటి తన పేరు కింద అంటించి, పెన్నుతో మారిబెల్ అని రాసింది.

అంట్లు సర్దడానికి ఆగిన మారిబెల్ దాన్ని చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నాకీ నూడుల్స్ వండటం రాదండీ. అన్నం, కోడికూరా అయితే వండగలను. తింటారా వీళ్లు?"

"వీళ్లు డేగిసా కూడా తింటారు. తీసుకో."

"అక్కడ స్టాండ్‌లో కూర్చుని కొడుకు ఆట చూస్తుంటే భయంగా ఉంటుందా?" అంది మారిబెల్.

"ఉంటుంది. అది మంచిదే." రోక్సాన్ డేగిసా ఆమె చేతుల్లో పెట్టింది. "ఏ రోజైనా నీకు భయం వెయ్యకపోతే, ఏమీ అనిపించకపోతే, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి."

మర్నాడు కూడా జట్టు ఓడిపోయింది. యాడియెల్ రెండు బంతులు అవతలివాళ్లకు అప్పగించాడు. రెండోసారి వాడు తల దించుకుని వస్తుంటే బెంచి మీదినుంచి లేచి ఎదురెళ్లింది కోర్బినే. ఏం చెప్పాడో గాని ఆ పిల్లాడు నవ్వాడు. వెనక వరసలో ఎవడో అరిచాడు, "కూర్చోబెట్టండిరా వాణ్ణి!" అని. రోక్సాన్ వెనక్కి తిరిగి, "నువ్వు కూర్చోవయ్యా ముందు!" అంది. పక్కనే ఉన్న మారిబెల్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ చేతివేళ్లు చల్లగా ఉన్నాయని రోక్సాన్‌కు తెలిసింది.

తర్వాతి గురువారం మారిబెల్ ఇంట్లో కుర్చీలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్నారు. పసుపురంగు అన్నం మధ్యలో కోడిముక్కలు. స్టాన్ వెంట వచ్చిన బూట్స్ తిన్నగా వెళ్లి కోర్బిన్ ముందు కూర్చుంది, నోరు తెరిచింది, ఎదురుచూసింది. కోర్బిన్ దాని వంక చూడనే లేదు. పళ్లెం ఖాళీ చేసి, లేచి, మళ్లీ పెట్టించుకొచ్చాడు.

"అయ్యో పాపం, దీని ఉద్యోగం ఊడింది," అన్నాడు స్టాన్.

రోక్సాన్ నవ్వబోయింది. కళ్లు నిండిపోయాయి, చేతిలో గరిటె ఉంది గనక తుడుచుకోవడానికి వీల్లేకపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు కోర్బిన్, నోటినిండా అన్నంతో.

"ఏం లేదు," అందామె. "తిను."