ఎనిమిదో రికార్డుకి పడ్డ మార్కులు

శవం కుర్చీలోనే ఉంది.

ఆదివారం. ఉదయం 11 గంటల 35 నిమిషాలు. గది గుమ్మంలో నిలబడి ఇన్‌స్పెక్టర్ ముక్కు మూసుకుంది.

కిటికీ లేదు. ఫ్యాను లేదు. గోడల నిండా గుడ్డ కప్పిన దూది పరుపులు. మూడు కుర్చీలు, ఒక రికార్డ్ ప్లేయరు, నిలువెత్తు స్పీకర్లు రెండు. పాత అట్టల ముక్కిన వాసన, ముగ్గురు మగవాళ్ళ చెమట కలిసి గుప్పుమంటున్నాయి. పోలీసు ఉద్యోగంలో పాతికేళ్ళు పూర్తి చేసిన మనిషి ఆమె. కంపు కొట్టే గదులు చాలా చూసింది. డబ్బు ఖర్చు పెట్టి మరీ గదిని ఇలా తయారు చేసుకున్నవాళ్ళని చూడటం మాత్రం ఇదే మొదలు.

పోయినాయనకి అరవై రెండేళ్ళు. రిటైరైన బస్సు మెకానిక్. రికార్డు మీద సూది అరిగిపోయింది, సూది మార్చండి అని పొద్దస్తమానం గొణుగుతాడు కనక అందరూ సూది మామ అనేవారు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి చూసి, గుండెపోటు, ప్రాణం పోయి కొంతసేపయింది అని చెప్పారు. గది ఉక్కగా ఉంది కాబట్టి ఎంతసేపయిందో అప్పుడే చెప్పలేమన్నారు. హెడ్ కానిస్టేబుల్ కూడా గుండెపోటుకే ఓటేసి, ఇంక మనకి పనేముంది అన్నట్టు జీపు వైపు చూశాడు.

పనుంది. బయట మెట్ల మీద కూర్చున్న పెద్దావిడ అప్పటికి మూడుసార్లు ఒకే మాట అంది.

"నేనే చంపుకున్నానమ్మా వాణ్ణి."

ఆవిడ సూది మామకి అక్క. ఇద్దరిదీ ఒకటే ఇల్లు. ఆరేళ్ళ క్రితం తమ్ముడి గుండె దెబ్బతింది. నొప్పి వస్తే వెంటనే నాలుక కింద పెట్టుకోవాల్సిన మాత్రలు చిన్న గాజు సీసాలో ఉంటాయి. రోజూ ఉదయం ఆ సీసాని తమ్ముడి చొక్కా జేబులో తన చేత్తోనే వేస్తుంది. ఇవాళ కబురు అంది పరుగెత్తుకొచ్చి చూస్తే జేబు ఖాళీగా ఉంది.

ఇవాళ వేశారా, మర్చిపోయారా అని ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"రోజూ చేసే పని కదమ్మా. వేసినట్టే గుర్తు. కానీ గుర్తొస్తున్నది ఇవాళ్టిదో, నిన్నటిదో చెప్పలేకపోతున్నాను."

ఆవిడ తన కుడిచేతిని ఎవరిదో చూసినట్టు చూసుకుంటోంది. ఈ అనుమానంతో ఈవిడ ఎన్నేళ్ళు బతకాలో అనుకుంది ఇన్‌స్పెక్టర్. జీపు వైపు చూస్తున్న హెడ్ కానిస్టేబుల్‌ని లోపలికి రమ్మంది.

ఆ ఇల్లు పళ్ళ డాక్టరుది. ముందు క్లినిక్, వెనక ఈ పాటల గది. రెంటికీ మధ్య ఒకటే తలుపు. వచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టర్ క్లినిక్ మీదుగానే వచ్చింది. పళ్ళు పీకే కుర్చీ పక్కన ఆక్సిజన్ సిలిండరు నిలబెట్టి ఉంది.

మూడో మనిషి లెక్కల మాస్టారు. డాక్టరు, మాస్టారు, మామ. ఈ ముగ్గురూ ఒక సంఘానికి పెద్దలు.

సంఘం చేసే పని ఏమిటని అడిగితే డాక్టరు పావుగంట చెప్పాడు. అమెరికా నల్లజాతివాళ్ళ సోల్ పాటలు తెలుసు కదా మేడమ్, గుండె బద్దలయ్యేలా పాడతారే, వాటిలో ఒక చిన్న పాయ ఉంది. ఇళ్ళ కింద నేలమాళిగల్లో, పాత టేపు మిషన్ల మీద రికార్డు చేసిన పాటలు. అరచెయ్యంత రికార్డు పళ్ళాలు. ఒక్కోటి రెండు మూడొందలకి మించి అచ్చుకాలేదు. అచ్చయినవీ అమ్ముడుపోలేదు. ఎవడూ కొనని పాటే అసలైన పాట అని వీళ్ళ సిద్ధాంతం. ఆ మొత్తంలో అన్నిటికన్నా గొప్ప రికార్డు ఏది, ఒకే ఒక్కటి, అన్నది తేల్చడానికి తొమ్మిదేళ్ళుగా కొట్టుకుంటున్నారు. ఇవాళ తేలాలి. చివరి వడపోతకి నిలిచినవి తొమ్మిది.

"పద్ధతి ఏమిటి?"

"ఎవరి రికార్డులు వాళ్ళు తెస్తారు. ఎన్నయినా తేవచ్చు. మధ్యలో పేరుండే చోట తెల్లకాగితం అంటించి, సీల్డు కవర్లో తెస్తారు. చీటీలు తీసి నంబర్లు వేస్తాం. ఏది ఎవరిదో మిగతావాళ్ళకి తెలీదు."

"మార్కులు?"

"పదికి. ముగ్గురమూ వేస్తాం. ఎవరి రికార్డు వస్తే వాళ్ళు మాత్రం మార్కు వెయ్యకుండా గీత గీస్తారు. మూడు మార్కుల కాగితాలూ పూర్తయితేనే ఫలితం చెల్లుతుంది."

"రికార్డుల మీది కాగితాలు విప్పారా?"

"సాయంత్రం ఆరింటికి, సంఘం అందరి ముందూ విప్పాలి మేడమ్. దయచేసి మీరు వాటిని ముట్టుకోకండి."

స్నేహితుడి శవం నాలుగడుగుల దూరంలో ఉంది. మనిషి మాత్రం పళ్ళాలకి అంటించిన కాగితాల గురించి బెంగపడుతున్నాడు.

టైము అడిగింది. పది గంటలకి మొదలుపెట్టారు. ఒక్కో పాట దాదాపు మూడు నిమిషాలు. మార్కులు వెయ్యడానికి రెండు నిమిషాలు. తొమ్మిది పాటలకి 45 నిమిషాలు. ఆఖరి మార్కు వేసి మామ గుండె పట్టుకున్నాడు. మరుక్షణం ఫోన్ చేశారు. డాక్టరు ఫోన్లో చూస్తే అంబులెన్స్‌కి కాల్ వెళ్ళింది 10:52కి.

"45కి అయిపోతే 52 దాకా ఏం చేశారు?"

కంగారులో ఏం తోచలేదన్నాడు డాక్టరు.

గోడ మీద ఒక బోర్డు ఉంది. పాట నడుస్తుండగా లేవకూడదు. మాట్లాడకూడదు. దగ్గకూడదు. తలుపు పక్క బల్ల మీద లోపల స్పంజి పరిచిన రేకు డబ్బా ఒకటి మూత తీసి, ఖాళీగా ఉంది. ఇది దేనికని అడిగింది. వాచీలు, తాళాలు, ఫోన్లు, ఏదైనా సరే చప్పుడు చేసేది లోపలికి రాకూడదు కనక అందులో వదిలి వస్తామన్నాడు మాస్టారు. అన్నాక డాక్టరు వైపు చూశాడు. డాక్టరు చెయ్యి తన ప్యాంటు జేబు మీదికి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ శవం దగ్గరికి వెళ్ళింది. ఎడమ మణికట్టుకి వాచీ ఉంది. కుడి చేతి చొక్కా మడత పైకి తోసింది. కుడి మణికట్టు చుట్టూ చర్మం తెల్లగా, పట్టీ వెడల్పున, ఏళ్ళ తరబడి ఎండ తగలనట్టుంది.

ఎప్పుడూ కుడిచేతికి పెట్టుకునే వాచీ ఎడమ చేతికి వచ్చింది. అంటే అది మామ పెట్టుకున్నది కాదు. మామ పోయాక, ఈ డబ్బాలోంచి తీసి ఎవరో పెట్టింది. వాచీ డబ్బాలో ఉంటే, దాంతోపాటు ఇంకేమున్నట్టు?

ఆమె ఆ మాట పైకి అనలేదు. మూడు మార్కుల కాగితాలూ, తొమ్మిది రికార్డులూ ముందు గదిలోకి తెమ్మని హెడ్ కానిస్టేబుల్‌కి చెప్పింది. పెద్దావిడని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంది.

12 గంటల 20 నిమిషాలు.

"అమ్మా, మీ తమ్ముడు ఇవాళ ఎన్ని రికార్డులు తెచ్చారో తెలుసా?"

"మూడు."

"ఖాయంగా?"

"కాగితాలు గుండ్రంగా కత్తిరించి అంటించింది నేనేనమ్మా. వాడి చేతులు మొద్దు. పాత క్యాలెండరు చింపి, వెనక తెల్ల వైపు పైకి పెట్టి అంటించాను."

ఇన్‌స్పెక్టర్ ఒక్కో పళ్ళాన్నీ కిటికీ వెలుతురులో వాల్చి, అంటించిన కాగితాన్ని పరీక్షగా చూసింది. డాక్టరు సగం లేచాడు. కాగితం విప్పట్లేదు, కూర్చోమంది. ఒకటో నంబరు కాగితం అడుగున క్యాలెండరు అంకెలు లీలగా కనిపించాయి. నాలుగో దానికీ అంతే. ఎనిమిదో దానికీ అంతే. మిగతా ఆరింటికీ ఖాళీ కాగితం.

"సూది మామ కాగితంలో గీతలు ఎన్నున్నాయో చదవండి మాస్టారూ."

"రెండు. ఒకటో నంబరుకి, నాలుగో నంబరుకి."

"ఎనిమిదికి?"

మాస్టారు ఆ వరస మీద వేలు పెట్టి చూశాడు. "ఎనిమిదిన్నర మార్కులు."

"తన రికార్డుకి తనే మార్కులు వేసుకున్నాడా?"

"మామ అలాంటి పని చెయ్యడండీ" అన్నాడు మాస్టారు, ఇంకెవరినో నిలదీస్తున్నట్టు. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి చెయ్యలేదు."

"నాకూ అదే అనిపించింది. అయితే ఆ ఎనిమిదిన్నర ఎవరు వేశారు?"

ఇన్‌స్పెక్టరే చెప్పింది. నాలుగో పాటకి గీత గీసినప్పుడు సూది మామ బతికే ఉన్నాడు. ఎనిమిదో పాట వచ్చేటప్పటికి గీత గీసే స్థితిలో లేడు. పాటలన్నీ అయ్యాక, ఆ ఖాళీలు ఇంకొకరు నింపారు. ఆ ఏడు నిమిషాలు పోయింది అక్కడే. నింపినవాడికి ఎనిమిదో రికార్డు మామదని తెలీదు. కాగితం విప్పి చూస్తే తెలిసేది. విప్పలేదు. శవం పక్కన కూర్చుని దొంగ రాతలు రాస్తూ కూడా, సాయంత్రం ఆరు దాకా కాగితం విప్పకూడదన్న నియమం మాత్రం తప్పలేదు. ఇంత నిష్ఠ గల దొంగని తన సర్వీసులో చూడలేదంది.

"ఇప్పుడు చెప్పండి. ఏ పాటలో జరిగింది?"

మాస్టారు మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. "ఐదో పాటలో. నాకు తెలుస్తూనే ఉందండీ. ఆరో పాటకి తల వాల్చేశాడు. లేద్దామనుకున్నాను. అప్పటికే సూది పడింది."

"తర్వాత ఏడు వేశారు."

"వేశాం."

"ఎనిమిది. తొమ్మిది."

"మధ్యలో ఆపితే తొమ్మిదేళ్ళ శ్రమ మేడమ్" అన్నాడు డాక్టరు. "మళ్ళీ ఆ తొమ్మిదీ ఒకచోట చేరవు. నిద్రపోయాడనుకున్నాం. ఎనిమిదో పాట మీరు వినాలి. వదిలి వెళ్ళొద్దని ఒక మనిషిని బతిమాలుకుంటాడు. అంత నిజం నేనెప్పుడూ వినలేదు." చెబుతుంటే అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. పొద్దుటి నుంచి అతని కళ్ళు తడవడం అదే మొదటిసారి.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళంతా రోత పుట్టింది. హంతకుల్ని చూసింది, కోపం వచ్చింది. దొంగల్ని చూసింది, జాలి కూడా వేసింది. ఈ తడి కళ్ళని చూస్తుంటే మాత్రం వెళ్ళి చేతులు కడుక్కోవాలనిపించింది.

"తలుపు తీస్తే ఎనిమిది అడుగుల్లో ఆక్సిజన్ ఉంది. నువ్వు డాక్టరువి" అంది. ఆ 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలీదు. "జేబులోది తియ్."

డాక్టరు కదల్లేదు. హెడ్ కానిస్టేబుల్ ముందుకొచ్చాడు. అప్పుడు ప్యాంటు జేబులోంచి చిన్న మూట బయటికొచ్చింది. రికార్డులు తుడిచే మఖమల్ గుడ్డ. చప్పుడు కాకుండా నాలుగు మడతలు చుట్టి ఉంది. విప్పితే లోపల గాజు సీసా. సీసా నిండా మాత్రలు.

"డబ్బాలో పెట్టించావా?"

"నడుస్తుంటే గలగలమంటుంది మేడమ్. రూలు అందరికీ ఒకటే."

అక్కగారు చెయ్యి చాచింది. సాక్ష్యాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇన్‌స్పెక్టర్ సీసాని గుడ్డ మీదే ఉంచి ఆవిడ కళ్ళ ముందుకి జరిపింది. "మీరు వేశారమ్మా. ఇవాళ కూడా వేశారు" అంది.

ఆవిడ తల ఆడించింది. ఊపిరి వదిలింది. కుడిచెయ్యి ఒళ్ళోకి వాలింది.

మాస్టారు మూడు కాగితాలనీ చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు, ఆ దొంగ మార్కు కొట్టేస్తే ఎనిమిదికి పదీ పదీ వచ్చాయి, అయితే గెలిచింది మామ రికార్డే అన్నాడు. డాక్టరు అవునని తలూపాడు. ఇద్దరి మొహాల్లోనూ ఏదో తేలిపోయిన తృప్తి ఒక్క క్షణం కనిపించి పోయింది. ఇన్‌స్పెక్టర్ ఇద్దరికీ బేడీలు వెయ్యమంది. తెలిసి తెలిసి మనిషిని చావనిచ్చినందుకు, సాక్ష్యం దాచినందుకు, దొంగ కాగితం రాసినందుకు. పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చాక ఇంకేం చేరతాయో చూద్దామంది.

అక్కగారు వాళ్ళని ఆగమంది.

"వాడు కేకెయ్యలేదా?"

డాక్టరు మొహం తిప్పుకున్నాడు. మాస్టారే చెప్పాడు. "లేదమ్మా. ఐదో పాట మధ్యలో చెయ్యెత్తి తలుపు వైపు చూపించాడు. పాట అయ్యాక అని డాక్టరు గారు సైగ చేశారు. సరేనని తలూపి కూర్చున్నాడు."

"నోరు విప్పలేదా?"

"లేదమ్మా. చేత్తో నోరు మూసుకున్నాడు. పాట పాడవుతుందని."

ఆవిడ లేచి, వెనక గది గుమ్మం దాకా నడిచి, కుర్చీలో ఉన్న తమ్ముణ్ణి చాలాసేపు చూసింది. సిగ్గులేని వెధవ అంది మెల్లిగా. ఇన్‌స్పెక్టర్ వెనకే వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంట్లో చొక్కాకి బొత్తాం ఊడితే వీధి చివరికి వినబడేలా అరిచేవాడమ్మా వీడు" అని, అప్పుడు ఏడ్చింది.