క్రైనర్ తోకచుక్క

ట్రియెస్ట్ రేవులో ఏజెంట్ హ్రాదిల్‌కి ఆ మిషన్ అప్పగిస్తూ కమాండర్ ఎక్కువ మాటలు ఖర్చు చేయలేదు.

“మన యుద్ధనౌకల దారులు శత్రువులకి ముందే తెలిసిపోతున్నాయి. వేధశాల పేరుతో వెళ్లే టెలిగ్రాంల నిండా అంకెలే. శాస్త్రవేత్తల అంకెల్ని సెన్సారు ముట్టుకోదు. వెళ్లి చూడు.”

అనుమానం ముసలి ప్రొఫెసర్ క్రైనర్ మీద. ఆ పేరు చెప్పింది కాంటెస్సా లివియా. వేధశాలకు విరాళాలిచ్చే ప్రభువంశపు అందగత్తె, నౌకాదళానికి రహస్య వేగు.

హ్రాదిల్ గుమాస్తా వేషంలో చేరాడు. క్రైనర్ అతనికి కాఫీ పోసి పని నేర్పాడు. ఆకాశంలో కొత్తది కనిపిస్తే దాని స్థానాన్ని అంకెల్లో కేంద్ర కార్యాలయానికి టెలిగ్రాం కొట్టాలి. ముందు ఎవరిది చేరితే దానికి వాళ్ల పేరే పెడతారు. చివర మిగతా అంకెలన్నిటి మొత్తం వేయాలి, దారిలో తప్పు దొర్లితే తెలిసిపోతుంది.

మంగళవారం పొద్దున ముసలాయన కాగితం అందించాడు.

“దొరికింది నాయనా. తోకచుక్క. జీవితమంతా వెతికాను. పరిగెత్తు.”

గురువారం సాయంత్రం యుద్ధనౌక బయల్దేరబోతోంది. సరిగ్గా ఇప్పుడే ఈ అంకెలా? హ్రాదిల్ కాగితాన్ని కోటు జేబులో దాచి, నకలు కోడ్ విప్పేవాళ్లకి పంపాడు. టెలిగ్రాం వెళ్లిందని క్రైనర్‌తో చెప్పాడు. రెండు రోజులైనా కోడ్ విప్పలేకపోయారు. అంత గట్టి కోడ్ రాసిన ముసలాడి మీద అతనికి అనుమానం ఇంకా బలపడింది.

గురువారం మధ్యాహ్నం టెలిగ్రాఫ్ కార్యాలయంలో కాంటెస్సా కనిపించింది. గ్రహాల మీద ఆసక్తి అంటూ వేధశాల పేరుతోనే అంకెల కాగితం అందిస్తోంది. అలవాటుగా హ్రాదిల్ ఆమె భుజం మీదుగా చూసి ఆ అంకెల్ని కూడాడు. మొత్తం కుదరలేదు. మళ్లీ కూడాడు. ఆ అంకెలు వేరే దేనికోసమో రాసినవి.

టెలిగ్రాఫ్ ఉద్యోగి వేలు మీట మీద ఆనేలోపు హ్రాదిల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

“కూడికలో చిన్న పొరపాటు, అంతేగా?” అంది ఆమె. విసనకర్ర వెనక బుల్లి పిస్తోలు మెరిసింది.

“శాస్త్రవేత్తలు మొత్తం సరిచూడకుండా పంపరు, కాంటెస్సా.” హ్రాదిల్ పిస్తోలు లాక్కున్నాడు. తలుపు దగ్గర కాపలా ఉన్న నావికులు లోపలికొచ్చారు.

ఆమె నవ్వింది. “అయితే ఆ ముసలాయన కాగితం నువ్వెప్పుడు కూడావు?”

హ్రాదిల్ జేబులోంచి కాగితం తీశాడు. రెండు నిమిషాల పని. మొత్తం సరిగ్గా కుదిరింది. దొంగను ముందే తేల్చుకున్నాడు కాబట్టి, మంగళవారం ఆ రెండు నిమిషాలు అతనికి అక్కర్లేకపోయాయి.

క్రైనర్ టెలిగ్రాంని అక్కడే పంపించాడు. జవాబు వెంటనే వచ్చింది: ఆ తోకచుక్కను మార్సెయ్ నుంచి ఒకాయన నిన్ననే తెలియజేశాడు, దానికి ఆయన పేరు కూడా పెట్టేశారు.

నౌక క్షేమంగా వెళ్లింది. పతకం వచ్చింది. దాన్ని సొరుగులో పడేసి, క్రైనర్ దగ్గర సెలవు తీసుకోవడానికి హ్రాదిల్ వేధశాల ఉన్న కొండెక్కాడు. నిజం చెబుదామనే వెళ్లాడు. నోరు తెరిస్తే మాత్రం, టెలిగ్రాఫ్ తీగ తెగిపోయి ఆలస్యంగా చేరిందట అని వచ్చింది.

క్రైనర్ ముఖంలో కోపం లేదు. హ్రాదిల్‌కి అదే కష్టంగా ఉంది. మార్సెయ్‌లోని ఆ మనిషికి తను అభినందనలు రాసిన ఉత్తరాన్ని ముసలాయన కవరులో పెట్టి చేతికిచ్చాడు.

“దీనికి తొందరేం లేదు నాయనా. నీకు వీలైనప్పుడే పోస్టులో వెయ్యి.”