నిజాముద్దీన్ తాత దున్నిన సాలు

టెంపో వచ్చి ఇంటి ముందు ఆగేసరికి కుసుమ వీధి కొళాయి దగ్గర బిందెకు నీళ్లు పడుతోంది. టెంపో మీద ట్రాక్టరు ఉందని తెలియగానే కొళాయి కట్టెయ్యడం కూడా మరిచిపోయి పరుగెత్తింది.

దగ్గరికి వెళ్లి చూశాక మాత్రం ఉత్సాహమంతా నీరుగారిపోయింది.

అది చిన్న ట్రాక్టరు. టమోటా తోటల్లో, ఇరుకు పొలం చెక్కల్లో తిరిగే రకం. ఒకప్పుడు ఎర్రగా ఉండేదేమో, ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. బానెట్టు నిండా తుప్పు. చిరిగిన సీట్లోంచి స్పాంజి బయటికి తొంగి చూస్తోంది. ముందు లైట్లలో ఒకటి ఉంది, ఒకటి లేదు. పలకలు వేసి, తాళ్లు కట్టి, అందరూ కలిసి మెల్లగా కిందికి దించారు. ఎందుకంటే అది స్టార్టు కాదు.

"నాయనా, ఇదేనా మన ట్రాక్టరు?" అంది కుసుమ.

"ఇదేమ్మా!" ఉమాపతి ముఖం వెలిగిపోతోంది. "వెంకటగిరికోటలో ఒకాయన ఇంట్లో మూల పడుండాది. నిజాముద్దీన్ భాయ్ నాతో కూడా వచ్చి సూసినాడు. ఇంజిను గట్టిది, తీసుకో అప్పా అన్నాడు."

కుసుమతో పాటు ఐదో తరగతి చదివే యువరాజ్ ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్ని పాత ఇనుమోళ్లకి ఏస్తారా?" అని అడిగాడు.

వాడు వెక్కిరించాలని అడగలేదు. నిజంగానే అడిగాడు. అందుకే కుసుమకు ఇంకా ఒళ్లు మండింది.

ఉమాపతికి మాత్రం అది బంగారం. ఆయనకు పుంగనూరు దగ్గర ఉన్న ఆ పల్లెలో చిన్న చెక్క ఉంది. ప్రతిసారీ దున్నడానికి ఎవరిదో ఒకరి ట్రాక్టరు కోసం ఎదురుచూడాలి. పోయినసారి ట్రాక్టరు దొరికేలోపు టమోటా నారు ట్రేల్లోనే ముదిరిపోయి పాడైంది. ఆ రోజు అమ్మ రేవతి ఆ నారంతా దిబ్బలో పోసి, ఖాళీ ట్రేలు కడిగింది. కుసుమకు అది బాగా గుర్తుంది.

మరునాటి నుంచి నిజాముద్దీన్ రావడం మొదలుపెట్టాడు.

ఆయనకు పుంగనూరులో చిన్న మెకానిక్ షాపు ఉంది. పగలంతా అక్కడ పని. సాయంత్రం షాపు మూసి, మోపెడ్ మీద స్పానర్ల సంచి పెట్టుకుని ఇక్కడికి వచ్చేవాడు. తెల్లగడ్డం, నూనె మరకల చొక్కా, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను. మదనపల్లెలో ఉన్న కూతురు సాదియా రోజూ ఆ వేళకే ఫోన్ చేస్తుంది మరి.

"బేటీ, టార్చి ఇట్ల పట్టు. నా మొహానికి కాదు, నాజిలుకి!"

"తాతా, దాని పక్కన ఉండేది ఏంది?"

"ఇదా? ఇది డీజిలు వడగట్టేది. మీ అమ్మకి టీ జల్లెడ లేదా, అట్లాంటిదే."

కుసుమకు మెల్లమెల్లగా ఆ పని నచ్చసాగింది. తాత ఏది అడిగినా విసుక్కోకుండా చెబుతాడు. ఏదైనా చెయ్యనిస్తాడు కూడా. నట్లన్నీ కిరోసిన్‌లో కడిగింది. తుప్పు గీకింది. అరచేతులు నల్లబడితే అమ్మ చూడకుండా లంగాకు తుడుచుకుంది. అమ్మ చూసింది.

ఒక సాయంత్రం తాత తాళం తిప్పాడు. ట్రాక్టరు ఒకసారి మూలిగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి నల్లటి పొగ వదిలి, డుగడుగమని మొదలుపెట్టింది. ఉమాపతి తాతను గట్టిగా కావలించుకున్నాడు. రేవతి గడపలో నిలబడి కళ్లు తుడుచుకుంది.

"ఏడుస్తాండావా అమ్మా?" అంది కుసుమ.

"పొగమ్మా, పొగ," అంది అమ్మ. పొగ అటువైపు పోనేలేదు.

చివరి రోజు తాత ఎర్ర పెయింటు డబ్బా తెచ్చి కుసుమ ముందు పెట్టాడు.

"బానెట్టూ, మడ్‌గార్డులూ నీ ఇష్టం బేటీ. ట్యాంకు మూత జోలికి మాత్రం పోవద్దు. దానికి పెయింటు పనికిరాదు."

"సరే తాతా!" కుసుమ అప్పటికే బ్రష్షు ముంచేసింది. ఎందుకు పనికిరాదో అడగలేదు.

తాత నట్లన్నీ ఒకసారి బిగించి, సాదియాతో ఫోనులో మాట్లాడుతూనే సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. చీకటి పడేలోపు ట్రాక్టరు మందార పువ్వులా తయారైంది. అమ్మ వచ్చి చూసి బుగ్గలు పుణికింది.

ఒక్క మూత తప్ప. బానెట్టు మీద నల్లగా, తుప్పుగా, అదొక్కటే కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఇంతకాలం తుప్పు మధ్య అది ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు దాన్ని చూస్తే యువరాజ్ ఏమంటాడు?

డబ్బాలో ఇంకా పెయింటు ఉంది. కుసుమ చుట్టూ చూసింది. మూత మీద మందంగా ఒక పూత పూసింది. సరిపోలేదనిపించి ఇంకో పూత పూసింది.

మరుసటి రోజు ఆదివారం. రాత్రి మంచి వాన పడింది. నర్సరీ నుంచి తెచ్చిన టమోటా నారు గట్టు మీద ట్రేల్లో వరుసగా ఉంది. ఉమాపతి ట్రాక్టరుకు టెంకాయ కొట్టి చెక్కలోకి దించాడు. చూడడానికి యువరాజ్ వచ్చాడు. ఇంకా పిల్లలు వచ్చారు. పక్క చేను చెంగయ్య కూడా గట్టు మీద వచ్చి కూర్చున్నాడు.

ట్రాక్టరు కదిలింది. వెనక ఎర్రమట్టి రెండు వైపులా లేచి పడుతుంటే, మధ్యలో చక్కటి సాలు పడుతోంది. ఒకటి, దాని పక్కన ఇంకొకటి.

"కొత్తదాని మాదిరి ఉండాదే!" అన్నాడు యువరాజ్. కుసుమకు రెక్కలు వచ్చినట్టయింది.

ఆ రెక్కలు ఎంతోసేపు నిలవలేదు. ట్రాక్టరు దగ్గింది. మళ్లీ దగ్గింది. దగ్గి దగ్గి చెక్క నడిమధ్యలో ఆగిపోయింది.

ఉమాపతి దిగి, డీజిలు ఉందా అని మూత తీసి చూశాడు. నిండా ఉంది. మూత పెట్టి తాళం తిప్పాడు. వెంటనే స్టార్టయింది. కొంతదూరం వెళ్లి మళ్లీ దగ్గి ఆగింది. మళ్లీ మూత తీశాడు, చూశాడు, పెట్టాడు. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. ఎండ ఎక్కుతోంది. రేవతి ట్రేల మీద తడిగోనె కప్పి, నారువైపు, ట్రాక్టరువైపు మార్చి మార్చి చూస్తోంది.

"పాతది కొంటే ఇంతే కదప్పా," అన్నాడు చెంగయ్య. "మెకానిక్కు ఏం చేసినాడో ఏమో."

పిల్లలందరూ కుసుమనే చూస్తున్నారు. ఆమె చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. చెప్పేసింది.

"తాత సరిగా చేసిండడు. నిన్న ఫోను మాట్లాడతానే నట్లు బిగించినాడు."

అది అబద్ధం. నట్లు బిగించేటప్పుడు తాత ఫోను జేబులో ఉంది. కుసుమే టార్చి పట్టుకుంది.

"సూడు, చిన్నబిడ్డకే తెలుస్తాండాది!" అన్నాడు చెంగయ్య. "నా టిల్లరు కూడా బాగుచేసేదానికి ఆయనకే ఇద్దామనుకుంటి. వొద్దులే. మదనపల్లెకే తోలుకుపోతా."

ఉమాపతి పక్కకు వెళ్లి నిజాముద్దీన్‌కు ఫోన్ చేశాడు.

నిజాముద్దీన్ చేతిలోని పని వదిలి వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా గ్రీజు అలాగే ఉంది. మోపెడ్ గట్టు మీద ఆపి, చెప్పులు విడిచి, మెత్తటి మట్టిలో నడుచుకుంటూ వచ్చాడు.

"ఒకేసారి ఆగిందా అప్పా, దగ్గి దగ్గి ఆగిందా?"

"దగ్గి దగ్గి, భాయ్. మూత తీసి డీజిలు సూసి, మళ్లా తిప్పితే స్టార్టయితాది. కొంచేపటికి మళ్లా అంతే."

తాత ఇంజిను వైపు కూడా చూడలేదు. ట్యాంకు మూత మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పాడు. ఉస్స్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చింది.

"మూతకి సన్నటి రంధ్రం ఉంటాది అప్పా. దాన్లోంచి గాలి లోపలికి పోతేనే డీజిలు కిందికి దిగేది. రంధ్రం మూసుకుపోయుండాది. గాలి లేక, పాపం, ఆగిపోయింది."

ఆయన మూతను ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. ఎర్రగా నిగనిగలాడుతోంది. తాత ఒక్కసారి కుసుమ వైపు చూశాడు.

కుసుమ యువరాజ్ వెనక్కి జరిగింది. ఇప్పుడు చెప్పేస్తాడు. అందరి ముందూ చెప్పేస్తాడు.

తాత చెప్పలేదు. సంచిలోంచి సన్నటి తీగ తీసి, రంధ్రంలో పొడిచి పెయింటు రాల్చాడు. నోటితో ఊది మూత బిగించాడు.

"అంటే, నువ్వే పెయింటేసి మూసేసినావా భాయ్?" అన్నాడు చెంగయ్య. "భలే మెకానిక్కువే!"

పిల్లలు నవ్వారు. ఉమాపతి తల దించుకున్నాడు.

"నా పనే కదప్పా," అన్నాడు తాత నెమ్మదిగా. "పోయేముందు ఇంకొకసారి సూసుకోవాల్సింది. నాదే తప్పు."

ఆయన సంచి సర్దుకుని గట్టువైపు నడవడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం షాపు మూసి, అలసిపోయి కూడా వచ్చిన తాత. ఏది అడిగినా ఓపికగా చెప్పిన తాత. ఇప్పుడు చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని వెళ్లిపోతున్నాడు. కుసుమ ఇంక నిలబడలేకపోయింది.

"తాత కాదు!" అని అరిచింది. "నేనే పూసినా!"

అందరూ ఆమెవైపు తిరిగారు.

"మూత జోలికి పోవద్దని తాత చెప్పినాడు. నేనే ఇనలేదు. నల్లగా ఉండాదని ఎవరూ లేనప్పుడు రెండు పూతలు పూసినా. ఫోను మాట్లాడతా నట్లు బిగించినాడని చెప్పినానే, అదీ అబద్ధమే. తాత అన్నీ సరిగ్గా బిగించినాడు. నేను పక్కనే ఉండి సూసినా."

మాటలకన్నా ఏడుపే ఎక్కువగా వచ్చింది. కానీ ఒక్క మాట కూడా మింగలేదు.

"కుసుమా!" ఉమాపతి కోపంగా రెండడుగులు ముందుకు వేశాడు. అప్పటికే తాత వెనక్కి వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"బిడ్డని ఏమీ అనొద్దు అప్పా. వొద్దని చెప్పినా గాని, ఏల వొద్దో నేను చెప్పలేదు."

"నేను అడగలేదు తాతా," అంది కుసుమ ముక్కు ఎగబీలుస్తూ. "నువ్వు మాకోసం ఎంత చేసినావు! నిన్నే నేను అట్ల అనేసినా."

తాత గ్రీజు చెయ్యి ఎత్తి, ఆమె తల నిమరబోయి, చేతిని చూసుకుని ఆగిపోయాడు. కుసుమే ముందుకు జరిగి ఆ చేతి కింద తల పెట్టింది.

చెంగయ్య కాసేపు గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"భాయ్, నేనూ తొందరపడి మాట్లాడేసినా. రేపు మా ఇంటికాడికి ఒకసారి రా. ఆ టిల్లరు సంగతి సూడాల."

"వస్తాలే అప్పా."

ఉమాపతి ట్రాక్టరు ఎక్కబోతుంటే కుసుమ చొక్కా పట్టుకుని ఆపింది.

"నాయనా, ఇప్పుడు సాలు తాత తోలాల."

"నేనా!" తాత బెదిరిపోయాడు. "నాకు రాదమ్మా. ఇంతకాలంగా ట్రాక్టర్లు బాగు చేస్తాండా గాని, ఒక్క సాలు కూడా దున్నింది లేదు. నాకు చేను ఉంటే కదా!"

ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఉమాపతి పక్కకు జరిగి, సీటు మీద మట్టి తన తువ్వాలుతో తుడిచాడు.

"ఎక్కు భాయ్. ఇది నీ చేనే అనుకో."

తాత టోపీ సర్దుకుని, బిస్మిల్లా అనుకుని ఎక్కాడు. ట్రాక్టరు కదిలింది. దగ్గలేదు, ఆగలేదు. కానీ సాలు మాత్రం! మొదట కుడికి పోయింది. తాత కంగారుగా తిప్పితే ఎడమకు పోయింది. వాగు మలుపులు తిరిగినట్టు తిరుగుతూ చెక్క ఆ చివరికి చేరింది.

"ఇటు భాయ్, ఇటు! అయ్యో, అంత కాదు!" అని చెంగయ్య గట్టు మీద ఎగురుతున్నాడు. పిల్లలు పడిపడి నవ్వారు. అందరికన్నా గట్టిగా తాతే నవ్వాడు. ఆయన అలా నవ్వడం కుసుమ ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఉమాపతి మిగతా చెక్కంతా దున్నాడు. ఎండ తగ్గాక నారు నాటడం మొదలుపెట్టారు. అందరూ తలా ఒక సాలు పట్టారు. వంకర సాలు దగ్గరికి వచ్చేసరికి ఉమాపతి పార అందుకున్నాడు.

"దీన్ని కొంచెం సరిచేస్తా ఉండు."

"వొద్దు నాయనా." కుసుమ ఆ సాలు మొదట్లో నిలబడి రెండు చేతులూ చాపింది. "ఇది తాత సాలు. ఇట్లే ఉండనీ. దీన్లో నేను నాటుతా."

ఉమాపతి పార పక్కన పెట్టాడు.

కుసుమ నారు ట్రే చంకన పెట్టుకుని వంగింది. సాలు కుడికి తిరిగితే కుడికి, ఎడమకు తిరిగితే ఎడమకు తిరుగుతూ, ఒక్కో మొక్కనూ వేళ్లతో మట్టి అదిమి నిలబెడుతూ చివరిదాకా నాటింది.